రెండు మూపుల ఒంటె

ఆ వీధిలో అందరూ ఆవిడని కుట్టు అక్కయ్య అంటారు. జాకెట్టు దగ్గర్నించి సోఫా కవరు దాకా ఏదిచ్చినా కుట్టి పెడుతుంది, ఒకరు చెప్పిన మాట మాత్రం వినదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ మొండితనం కాస్త తక్కువై ఉంటే ఆ ఆదివారం అంత రక్తం చూడాల్సి వచ్చేది కాదేమో.

ఊళ్ళో సైకిళ్ళ సంఘంవాళ్ళు ఏటా ఒకసారి వేషాలు వేసుకుని సైకిళ్ళ మీద ఊరేగుతారు. ఎండ వాలాక బయల్దేరి, మార్కెట్టు రోడ్డు మీదుగా పెద్ద వంతెన ఎక్కి, అవతల మైదానంలో దిగుతారు. అంతే, గొప్పేం లేదు. కానీ అక్కయ్య కూతురు ఈ ఏడే మొదటిసారి పిల్లల వరసలో తొక్కుతోంది. ఎనిమిదేళ్ళది, పిడికెడంత ఉంటుంది, నోరు మాత్రం ఘాటు. అందుకే ముద్దుపేరు మిరియం. దానికి టమాటా వేషం. "నువ్వూ రావాలమ్మా, నా వెనకే రావాలి" అని నెల్లాళ్ళు ఇల్లు పీకి పందిరి వేసింది. అక్కయ్యకి సైకిలు తొక్కడం రాదు. తండ్రి లేని పిల్ల అడుగుతుంటే కాదనడానికి నోరూ రాలేదు.

"నేనున్నాగా," అన్నాడు తమ్ముడు. వాడు బస్సు కండక్టరు. సైకిలు షాపులో ఇద్దరు తొక్కే బండి ఒకటి ఏళ్ళ తరబడి మూలపడి ఉంటే అడిగి తెచ్చాడు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. హ్యాండిలూ బ్రేకులూ ముందు మనిషి చేతిలోనే. రెండు జతల పెడళ్ళనీ ఒకే గొలుసు కలుపుతుంది కాబట్టి ముందు మనిషి తొక్కితే వెనక మనిషి కాళ్ళు ఇష్టమున్నా లేకపోయినా తిరగాల్సిందే.

షాపువాడు ఒక్కటే చెప్పాడు. "ముందు మనిషి ఎక్కేది మొదట, దిగేది ఆఖర్న. వెనక మనిషి కూర్చుని ఉండగా ముందు సీటు ఖాళీ చెయ్యకండి."

"బండి పడిపోతుందనా?" అన్నాడు తమ్ముడు.

షాపువాడు తలెత్తకుండా టైరుకి గాలి కొడుతూ, "పడిపోతే మేలే," అన్నాడు.

అక్కయ్య ఆ మాటే వినలేదు. అప్పటికే టేపు తీసి బండి పొడవు కొలుస్తోంది. పొడవు బండి, ఇద్దరు మనుషులు, రెండు తలలు... రెండు మూపుల ఒంటె! వారం రోజులు మిషను మీంచి లేవలేదు. ముందు తీగలతో, స్పాంజితో పొడవాటి మెడ. మెడ మొదట్లో తమ్ముడు దారి చూసుకోవడానికి జాలీ గుడ్డ ముక్క, దాని కింద వాడు దూరడానికి ప్రెస్ బటన్ల సందు. వెనక మూపులో తన తల. అక్కడ మాత్రం కిటికీ లేదు, జిప్పు లేదు.

"ఊపిరాడక చస్తావక్కా. వెనక ఒక జిప్పు పెట్టు."

"నోర్ముయ్. జిప్పు పెడితే మూపు నలుగుతుంది. నీకు టిక్కెట్లు చింపడం తప్ప ఏం తెలుసు?"

బయల్దేరే ముందు లోపల కూర్చుని, తనే సూదితో కిందంచుని ఫ్రేముకి టాకాలు వేసుకుంది. దారం తెంపే చిన్న కత్తెర ఎప్పట్లాగే మెళ్ళో వేలాడుతోంది.

గుడ్డ దుప్పటంత మందం. బయట సాయంత్రపు ఎండ, లోపల చీకటి. కొత్త గుడ్డ వాసన, జిగురు వాసన, ముందు తమ్ముడి తలనూనె వాసన. వాడి వీపు కూడా మసగ్గానే కనిపిస్తోంది. దారి వాడే చెప్పాలి. బస్సులో అరిచినట్టే అరుస్తున్నాడు. "రైట్ రైట్! గుంతొస్తోంది, నడుం జాగ్రత్త! హోల్డాన్, హోల్డాన్!" రోడ్డుకి రెండు వైపులా జనం ఒంటెని చూసి పడీ పడీ నవ్వుతున్నారు. అందరికంటే ముందు, పిల్లల వరసలోంచి మిరియం రబ్బరు హారను ఆపకుండా మోగుతోంది. పాం... పాం... అది వినిపిస్తున్నంతసేపూ అక్కయ్య ప్రాణం హాయిగా ఉంది.

ఒంటె వెడల్పని దాన్ని అందరికంటే ఆఖర్న పెట్టారు. వంతెన మీద అందరూ ఆగారు. అవతల అంతా దిగుడే, అందుకని పిల్లలు సగం దూరం దిగి, విజిల్ వేశాక గానీ పెద్దవాళ్ళు కదలకూడదని సంఘంవాళ్ళ కట్టడి.

"అక్కా, గొంతు పిడచగట్టుకుపోయింది. రెండు కాళ్ళూ కింద ఆన్చి బండి పట్టుకో. నీళ్ళు తాగి ఇప్పుడే వస్తా."

"నాక్కూడా పట్రా."

బటన్లు టపటపా ఊడాయి. రవ్వంత వెలుగు వచ్చింది, పోయింది. అక్కయ్య ఒక్కతే మిగిలింది. దూరంగా డప్పులు, ఎవరివో నవ్వులు, పాం... పాం... దిగువకి వెళ్తోంది హారను.

ముందు సీటు కిర్రుమంది.

"తాగొచ్చావా? నాకేవి?"

 బటన్లు ఊడిన చప్పుడే లేదు. తలనూనె వాసన పోయింది. పూడిక తీయని బావిలోంచి వచ్చేలాంటి వాసన... ముక్కులోకి కాదు, గొంతులోకి దిగింది. పెడళ్ళు మెల్లగా కదిలాయి. అలవాటు కొద్దీ కాళ్ళు ఎత్తి వాటి మీద పెట్టింది.

"ఒరేయ్, ఇంకా విజిల్ వెయ్యలేదు కదరా..."

అప్పుడు వినిపించింది. వెనకనించి, దూరంనించి, తమ్ముడి గొంతు.

"అక్కా! ఆగు! ముందు ఎవరక్కా అది?"

 తొక్కడం మానేసింది. కాళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. చెయ్యి చాచి ముందున్న వీపుని తాకింది. తడి. చల్లదనం. వేళ్ళు చొక్కాకి తగల్లేదు, చర్మానికీ తగల్లేదు. నానిన పరుపులోకి దిగినట్టు మణికట్టు దాకా దిగాయి.

"ఎవరు నువ్వు?"

"తొక్కు," అంది ముందున్నది. గుసగుసగా.

ధన్... మొదటి దెబ్బ. ఎవరో "అమ్మో" అన్నారు, సైకిలు కూలిన చప్పుడు. జనం చప్పట్లు కొట్టారు! వేషంలో భాగమనుకున్నారు, పాపం. రెండో దెబ్బ ఇంకా గట్టిది. వెంటనే వినిపించింది గడియారం వేషం వేసిన లెక్కల మాస్టారి గొంతు, ఆయన కోటు మీద గడియారం ముళ్ళు తనే కుట్టింది. "అయ్యో, కాలు... నా..." తరవాత చక్రం కింద ఏదో పటుక్కుమంది. ముందు చక్రం ఎక్కి దిగింది. వెనక చక్రం, అక్కయ్య బరువుతో సహా, ఎక్కి దిగింది. ఆయన గొంతు మళ్ళీ వినిపించలేదు.

చప్పట్లు ఆగిపోయాయి.

గుడ్డకి బయటినించి ఏదో చిమ్మింది. వెచ్చగా లోపలికి ఇంకి ఆవిడ మోకాలి మీద పరుచుకుంది. ఎవరి చెయ్యో ఒంటె మెడని పట్టుకుని కొంతదూరం ఈడ్చుకొచ్చింది, గోళ్ళు గుడ్డని గీకాయి, జారిపోయాయి. అరుపులు. "ఆపండి! ఒంటెని ఆపండి!" అక్కయ్యా అరుస్తోంది. ఆ మందం గుడ్డలోంచి ఎవరికి వినిపిస్తుంది? ఎంత బాగా కుట్టిందో అంత బాగా మూసుకుపోయింది.

దిగుడు మొదలైంది. బండి ఈల వేస్తోంది.

పాం... పాం...

దగ్గరికొస్తోంది ఆ హారను. అప్పుడు అర్థమైంది దాని దారి ఎటో. పెద్దవాళ్ళందర్నీ దాటేసింది. ఇక మిగిలింది పిల్లల వరస.

పాదాలు కింద ఆన్చింది. చెప్పులు ఎగిరిపోయాయి. అరికాళ్ళ చర్మం రోడ్డు మీద ఊడిపోయింది, తిరుగుతున్న పెడళ్ళు పిక్కల్ని కొట్టి కొట్టి చీల్చాయి. వేగం రవ్వంత కూడా తగ్గలేదు. మెళ్ళో కత్తెర అందుకుని ఆ వీపులో పొడిచింది. మళ్ళీ పొడిచింది. తల్లి అన్నది ఎలా పొడుస్తుందో అలా, ఏడుస్తూ, బూతులు తిడుతూ, లెక్కలేనన్ని పోట్లు. ప్రతి పోటుకీ నల్లటి నీళ్ళు మొహం మీద చిమ్మాయి. అది వెనక్కి తిరగలేదు.

"తొక్కు."

పాం! పాం!

"మామయ్యా, మెల్లగా! అమ్మా, ఒంటె ఎంత బావుందో!"

మిరియం గొంతు. పది సైకిళ్ళ దూరం కూడా లేదు. పిల్ల నవ్వుతోంది.

ఇక ఆలోచన లేదు. అక్కయ్య కుడికాలు రోడ్డు మీంచి ఎత్తి, వెనక్కి మడిచి, మడమని తిరుగుతున్న వెనక చక్రం చువ్వల్లోకి తోసింది.

ఎముక విరిగిన చప్పుడు ఆవిడకే వినిపించింది. చక్రం కాలిని మోకాలి దాకా లాక్కుని ఆగింది. బండి గాల్లోకి లేచి, పక్కకి పడి, పిట్టగోడ దాకా రాసుకుంటూ వెళ్ళింది.

గుడ్డ కోసి బయటికి తీసింది తమ్ముడే. ముందు సీటు ఖాళీ. సీటు మీదా హ్యాండిలు మీదా బురద, అందులో కత్తెర మొనలు విరిగి గుచ్చుకుని ఉన్నాయి. "ముందు కూర్చుంది నువ్వే కదా?" అని జనం వాడి కాలరు పట్టుకున్నారు. వాడు గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగుతుండగా చూసినవాళ్ళు ముప్ఫై మంది చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే చంపేసేవాళ్ళు. లెక్కల మాస్టారు రోడ్డు మీదే పోయారు. ఇంకో ఇద్దరు బతుకుతారో లేదో అప్పటికి తెలియలేదు.

మిరియానికి మాత్రం గోరంత గీత కూడా పడలేదు. ఆసుపత్రిలో మెలకువ రాగానే అక్కయ్య అడిగింది ఆ ఒక్కటే. డాక్టరు కాలు మోకాలి కింద నిలవదని చెబుతుంటే, "పోతే పోనీండి," అంది. నిజంగానే అంది. దానికి బాధ లేదు ఆవిడకి. పిల్ల దక్కింది.

కిటికీలో ఇంకా కాస్త వెలుగుంది. పక్క మంచం మీద మిరియం టమాటా గౌను విప్పకుండానే నిద్రపోతోంది, ఎవరో దుప్పటి కప్పారు. తమ్ముడు స్టూలు మీద కూర్చుని చేతులకంటిన రక్తం గోకుతున్నాడు. దుప్పటి కింద పిల్ల కుడి మోకాలు మెల్లగా పైకి లేచింది. దిగింది. ఎడమది లేచింది.

"చూడక్కా. నిద్రలో కూడా సైకిలే," అన్నాడు తమ్ముడు. ఆసుపత్రికి వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. అక్కయ్యకీ నవ్వొచ్చింది.

మోకాళ్ళు లేస్తున్నాయి, దిగుతున్నాయి. కాస్త తొందరగా. ఇంకాస్త తొందరగా. మంచం ఇనప కోళ్ళు గచ్చు మీద టకటకలాడుతున్నాయి.

"ఒరేయ్... దాని కాళ్ళు పట్టుకో."

వాడు రెండు మడమలూ పట్టుకున్నాడు. పట్టుకున్న చేతులు కూడా తిరగడం మొదలుపెట్టాయి. రోజంతా బస్సు కమ్మీ పట్టుకుని వేలాడే మనిషి, బలమంతా పెట్టి అదిమాడు. ఆగలేదు. 

"మిరియం! ఆపవే! అమ్మా, ఆపవే!"

పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పట్నించి తెరిచి ఉన్నాయో. 

"అమ్మా..." అంది, ఎవరికో వినపడకూడదన్నట్టు. "నేను తొక్కట్లేదమ్మా."

అంటూనే, మలుపు దగ్గర ఒరిగినట్టు, మెల్లగా ఎడమవైపుకి ఒరిగింది.