పట్టికలో లేని మనిషి

ఆ ఉదయం కెరిన్ వంటగదిలోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. అత్తగారు ఏవిస్ టోస్టు మీద వెన్న రాయడంలో మునిగిపోయింది. ఇంటిపనికి వచ్చే మెర్లీన్ సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది.

“ఏంటి విశేషం?” అంది కెరిన్.

“ఏముంది తల్లీ! ఈసారీ వాన పడేలా లేదు అనుకుంటున్నాం” అంది ఏవిస్.

ఆస్ట్రేలియాలోని ఈ హోర్షమ్ ఊళ్లో వాన గురించి మాట్లాడటానికి ఎవరూ గొంతు తగ్గించరు. కెరిన్ కారు తాళాలు తీసుకుంది.

వారం రోజులుగా ఇదే వరస. తుంటి విరిగి ఏవిస్ తమ ఇంటికి వచ్చిన నాడే మెర్లీన్‌ని పనిలో పెట్టుకున్నారు. మూడేళ్లయింది. భర్త నీల్ గోధుమ కోతల మీద పొలాలు పట్టి తిరుగుతాడు. కెరిన్‌కి కర్టెన్ల దుకాణం ఉంది. పగలంతా ఇల్లూ, ముసలావిడా మెర్లీన్ చేతుల్లోనే. మొన్నేమో ఏవిస్ ఫోను పక్కన కళ్లజోడు, కాగితం, పెన్ను. నిన్న ఆవిడ సొరుగుకి కొత్తగా తాళం.

“జాగ్రత్తమ్మా!” అంది దుకాణానికి వచ్చిన స్నేహితురాలు ట్రిష్, ఇదంతా విని. “మా పెద్దమ్మ ఇల్లు చివరికి ఎవరి పేరు మీద తేలిందో తెలుసా? వంటావిడ పేరు మీద!”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం దుకాణం మూసేసి, ఇంటి పెరటి తలుపు దగ్గరికి చప్పుడు కాకుండా వచ్చింది కెరిన్. దోమల జాలీ తలుపు అవతల మెర్లీన్ గొంతు.

“సంతకం మీరే పెట్టాలి. కెరిన్‌కి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు.”

కెరిన్ తలుపు దభాలున తోసింది. “ఏం సంతకం? ఏం రాయించుకుంటున్నావు ఆవిడ చేత?”

మెర్లీన్ ముఖం పాలిపోయింది. చేతిలోని కాగితాన్ని సంచిలోకి తోసింది. కెరిన్ ఆ సంచి లాక్కుని బల్ల మీద బోర్లించింది. సగం తిన్న శాండ్‌విచ్, మోకాళ్లకి రాసుకునే మందు, బస్సు పాసు, మడతపెట్టిన ఆ కాగితం.

అది వీలునామా కాదు. హైవే మీది హోటల్లో వంట సహాయకురాలి ఉద్యోగానికి దరఖాస్తు. పని తెలిసిన మనిషని పూచీ ఇచ్చేవారి చోట ఏవిస్ వణుకుడు సంతకం, సగంలో ఆగి ఉంది.

“వెళ్లిపోతున్నావా?” అంది కెరిన్. “ఇంట్లో మనిషిలా చూసుకున్నానే నిన్ను!”

“ఇంట్లో మనిషి సంచి ఇలాగే బోర్లిస్తారా?”

కెరిన్ తల తిప్పుకుంది. “జీతం చాలకపోతే అడగాల్సింది.”

“రెండుసార్లు అడిగాను. ఇంటిపనికి అవార్డు ఏదీ లేదు, మనం ఒప్పుకున్నదే జీతం అన్నారు. గంటకి పద్దెనిమిది డాలర్లతో అద్దె కట్టి చూడండి.”

తను అలా అన్న మాట నిజమే. ఒక్కో రంగానికి ఒక్కో జీతాల పట్టిక ఉంటుంది, దాన్నే అవార్డు అంటారు. ఇళ్లలో నేరుగా పెట్టుకునే పనివాళ్లు ఏ పట్టికలోకీ రారని ఎవరో చెబితే, కెరిన్ ఆరా తీయలేదు. ఆ మాట తనకి కలిసొచ్చింది.

“పట్టిక లేకపోతే అడ్డూ అదుపూ లేదనుకున్నావా?” అంది ఏవిస్. “నేను సర్కారు వాళ్లకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించి మరీ పలికారు. ఏ అవార్డులోకీ రాని వాళ్లకి కూడా దేశం మొత్తానికి ఒక కనీస జీతం ఉందట, అది మనమిచ్చే పద్దెనిమిది కంటే ఎక్కువట. ఆమె ఒప్పుకున్నా సరే, తగ్గించే హక్కు మనకి లేదట. జీతంతో సెలవులివ్వని పనికి పైన ఇంకో పావు వంతు కలపాలట.”

“నా వెనకాల నా మీద ఫిర్యాదా?”

“పేర్లు చెప్పలేదు. నీకెలా చెప్పాలో తెలియక వారం నుంచి మింగలేక కక్కలేక ఉన్నాను.” ముసలావిడ కర్రని ఒళ్లోకి తీసుకుంది. “పద్నాలుగేళ్లప్పుడు వేల గొర్రెలున్న ఒక దొర ఇంట్లో బట్టలుతికాను. ఆ దొరసానీ నన్ను ఇంట్లో మనిషివే అనేది. రెండేళ్ల పనికి జీతం బదులు పాత గౌనొకటి చేతిలో పెట్టి పంపింది. రైలు టికెట్‌కి డబ్బుల్లేక పట్టాల వెంబడి నడిచాను. ఈ సంగతి నీల్‌కి కూడా చెప్పలేదు. ఇప్పుడు నాకు స్నానం చేయించే మనిషికి నా కొడుకింట్లోనే అదే జరుగుతుంటే ఎలా నోరు మూసుకోను తల్లీ?”

కెరిన్ కుర్చీలో కూలబడింది. చేయి చాచి, బల్ల మీద పడ్డ వస్తువులు ఒక్కొక్కటే సంచిలో సర్దింది. మందు ట్యూబు చివరిదాకా పిండేసి ఉంది.

“క్షమించు మెర్లీన్. నిన్ను దొంగలా చూశాను” అంది. “రేపటి నుంచి సరైన జీతం ఇస్తాను. మూడేళ్ల తరుగు కూడా తీరుస్తాను. సెలవులకి వాడే మా క్యారవాన్ బండి అమ్మైనా సరే. నువ్వు ఇక్కడ ఉన్నా, వెళ్లినా.”

మెర్లీన్ సంచి భుజానికి తగిలించుకుంది. “రేపు వస్తాను” అంది. “ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం.”

“కూర్చో. కాస్త టీ పెడతాను.”

మెర్లీన్ ఇబ్బందిగానే కూర్చుంది. కెరిన్ కెటిల్ పెట్టి, కప్పు తీసి, చక్కెర డబ్బా దగ్గర ఆగిపోయింది. మూడేళ్లుగా ఈ మనిషి తన ఇంట్లో తిరుగుతోంది. టీలో చక్కెర వేసుకుంటుందో లేదో తనకి తెలియదు.

“ఎన్ని చెంచాలు?” అని అడుగుతుండగానే కెరిన్ కళ్లు నిండిపోయాయి.

“రెండు” అంది మెర్లీన్.