రిజిస్టర్‌లో లేని రోజు

దక్షిణాఫ్రికాలో ఉమ్‌కోమాస్ అనే ఊళ్ళో, పెన్షన్ ఆఫీసు వెనక రికార్డు గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అందులోంచి ముద్ర వేస్తున్న చప్పుడు వస్తుందని చెప్పుకుంటారు. ఠప్... కాసేపు నిశ్శబ్దం... మళ్ళీ ఠప్. కాగితపు మిల్లు వాసన ఊరంతా కమ్ముకునే రాత్రుల్లో మరీనట. కావలివాడు కూడా అటు వెళ్ళడు.

1997 మార్చిలో ఒక రాత్రి ఆడ్రీ అటు వెళ్ళింది. వెళ్ళక తప్పలేదు.

ఆమె అక్కడ పన్నెండేళ్ళుగా టెంపరరీ గుమస్తా. మూడు నెలలకోసారి ఒక్క రోజు ‘బ్రేక్’. ఆ రోజు రిజిస్టర్‌లో పేరుండదు, జీతం ఉండదు. పని మాత్రం ఉంటుంది! టెంపరరీలంతా వెనక తలుపు గుండా వచ్చి, వీధికి కనపడకుండా, లైటు వెయ్యకుండా ఆ గదిలో కూర్చుని ముద్రలు కొట్టేవాళ్ళు. రాకపోతే మర్నాడు పేరు ఎక్కదేమోనని భయం. దేశం ఓటేసింది, జెండా మారింది. స్వేచ్ఛ ముందు తలుపులోంచి వచ్చింది. వీళ్ళు మాత్రం ఇంకా వెనక తలుపులోంచే.

ఆ రోజు శుక్రవారం. పగలు సూపరింటెండెంట్ హెరాల్డ్ ఆమె చేతిలో ఉత్తరం పెట్టాడు. ఇక పొడిగింపు లేదు.

“కొత్త చట్టం ఉంది సార్. ఇన్నేళ్ళు పొడిగించి, ఇంకా పొడిగిస్తారన్న నమ్మకం కలిగించి ఇప్పుడు ఆపేస్తే, అది తొలగించడమే. కారణం చెప్పాలి.”

“నమ్మకమా? మూణ్ణెల్లకోసారి నీ ఉద్యోగం అయిపోయిందమ్మా. బ్రేక్ రోజుల్లో నువ్వు ఆఫీసులోనే లేవు. ఉన్నట్టు చూపించు, చూద్దాం,” అని నవ్వాడు.

చూపించడానికి ఒక్కటే ఉంది — రికార్డు గదిలోని పాత ముద్రల పుస్తకం. ప్రతి ముద్రకీ తేదీ, పక్కన వేసినవాళ్ళ పొడి సంతకం.

వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

వెనక తలుపు పక్కన ఇటుక కింద టెంపరరీలు దాచుకునే తాళంచెవి అక్కడే ఉంది. తలుపు తీసింది. చీకటి. గోడ తడుముకుంటూ రెండడుగులు...

ఠప్.

“యేసు రక్తం... యేసు రక్తం...” పెదాలు వాటంతటవే కదిలాయి.

అరల మధ్య చిన్న టార్చి వెలుగు. వంగిన వీపు. తెల్ల జడ.

“ఎవ... ఎవరు?”

“మెల్లిగా అమ్మీ. వీధిలోకి వినపడుద్ది.”

తనని అమ్మీ అనేది ఒక్క మనిషే. ముద్ర పట్టుకోవడం నేర్పిన థెల్మా అక్క. రెండేళ్ళ కిందట ఇలాంటి ఉత్తరమే ఇచ్చి పంపేశారు. తర్వాత బతికుందో లేదో ఎవరూ అడగలేదు... ఆడ్రీ కూడా.

ఆడ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

“ఇక్కడేం చేస్తున్నావక్కా? నిన్ను తీసేశారు కదా!”

“తీసెయ్యడమేంటి? బ్రేకే. ఈసారి కొంచెం పొడుగయ్యింది. పగలు కొత్తోళ్ళు ఉంటారని రాత్రుళ్ళు వస్తన్నా. రాకపోతే పేరు ఎక్కించరుగా.”

ఆడ్రీ పుస్తకం తిప్పింది. బ్రేక్ రోజులన్నిటా తన పొడి సంతకం ఉంది. పుస్తకం తిరగేస్తే, తనెప్పుడూ చూడని వెనక పేజీలనిండా, ఎవరికీ అక్కర్లేని పాత కట్టల మీద రెండేళ్ళ రాత్రులు — అన్నీ థెల్మావే.

థెల్మా కాలితో పక్క కుర్చీ జరిపింది. “నీకూ ఇచ్చారా బ్రేకు? రా, కూర్చో.”

ఆడ్రీకి అసలు భయం అప్పుడు వేసింది. దెయ్యం ఉందని కాదు... తన కాళ్ళు ఆ కుర్చీ వైపు నడుస్తున్నాయని.

ఆగింది. పుస్తకం చంకన పెట్టుకుంది. గోడ మీద స్విచ్చి వెతికింది.

“వద్దే... వీధిలోకి కనపడుద్ది!”

“కనపడనీ అక్కా,” అని ఆడ్రీ లైటు వేసింది.