నూట పన్నెండు పచ్చ వరసలు

క్రిస్టినా ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఫిన్నీకి ఆమె మీద కోపం వచ్చింది. కారణం ఆమె మర్యాద.

రాజమండ్రిలో ఒక స్వీట్ల కొట్టు పై అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో మొత్తం ఏడుగురు. తమది సాఫ్ట్‌వేర్ కంపెనీ అని ఏడుగురికీ గట్టి నమ్మకం. కింద నుంచి పాకం వాసన వచ్చినప్పుడు మాత్రం ఆ నమ్మకం కాస్త సడలేది. అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్న పెద్ద పని నరసాపురం లేసు కేంద్రానిది. ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లి తెచ్చిన ముక్కల కొలతలు ఎక్కిస్తే, ఎనిమిది అంగుళాలకు సరిపోయినవాటిని ముక్కలన్నీ కలిపి కుట్టే అతుకు పనికి, సరిపోనివాటిని వేరే మూటలోకి పంపే ప్రోగ్రాం. రాసేవాడు ఫిన్నీ, తుని కుర్రాడు. పరీక్షించడానికి వచ్చింది నరసాపురం అమ్మాయి క్రిస్టినా.

పరీక్షకు వాళ్లు వాడేది బిహేవ్ అనే పైథాన్ లైబ్రరీ. ఏం జరగాలో ముందు మామూలు వాక్యాల్లో రాసుకోవాలి: ఇది ఉంది, ఇలా చేస్తే, అప్పుడు ఇది జరగాలి. ఒక్కో వాక్యాన్నీ సరిచూసే కోడ్ దాని వెనక ఉంటుంది, అదీ ఫిన్నీ రాసేదే. సరే అంటే తెర మీద పచ్చ వరస, కాదంటే ఎర్ర వరస. బుద్ధిగా ఉండమని దాని పేరులోనే ఉంది. వాడేవాళ్లు అలా ఉండాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు.

లేసు కేంద్రం వాళ్లు చదవాలి కాబట్టి క్రిస్టినా తెలుగులో రాసింది: ‘చిట్టెమ్మ గారు ఏడున్నర అంగుళాల ముక్క తెచ్చారు. సంపూర్ణమ్మ గారు ఆ కొలత ఎక్కించారు. అప్పుడు ఆ ముక్క వేరే మూటలోకి వెళ్లాలి.’

ఫిన్నీ కోడ్‌లో గార్లు లేరు. వాక్యం ఉన్నదున్నట్టు కలవకపోతే బిహేవ్ గుర్తుపట్టదు. తెర నిండా ఫిర్యాదులే.

“ఏంటండీ ఈ గారు? కంప్యూటర్‌కి మర్యాదలు అక్కర్లేదండి.”

“కంప్యూటర్‌కి కాదండి, మా అమ్మకి. సంపూర్ణమ్మ గారంటే మా అమ్మ. కేంద్రంలో ముక్కలు కొలిచేది ఆవిడే.”

“అయితే నలభై చోట్ల నేను మార్చుకోవాలా?”

“మీ ఇష్టమండి. మా అమ్మని ఏకవచనంలో పిలిచిన ఫైలు నరసాపురం తీసుకెళ్లి మీరే చదివి వినిపించండి.”

ఫిన్నీ నలభై చోట్లా మార్చాడు. ప్రేమ అలా మొదలవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా మార్చేవాడే, వేరే దారి లేదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఆగిపోయిన క్రిస్టినా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

‘వాన పడుతోంది. క్రిస్టినా గారి దగ్గర గొడుగు లేదు. ఫిన్నీ తన గొడుగు ఇచ్చాడు. అప్పుడు ఆవిడ మనసులో సంతోషించాలి.’

“చివరి వాక్యం పనికిరాదండి,” అంది, వెనక మెట్టు మీదున్న ఫిన్నీ వైపు తిరక్కుండానే. “మనసులోది ఎవరు సరిచూస్తారు? బయటికి కనిపించేది రాయాలి.”

“అయితే, ‘అప్పుడు ఆవిడ నవ్వాలి.’”

“రన్ చేశానండి. ఫెయిల్.”

అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఫిన్నీ తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. ప్రేమలో తడవడం గొప్ప సంగతి అనుకునే వయసు కాబట్టి, మాత్రలు కూడా ఇష్టంగానే మింగాడు.

సెప్టెంబరులో ఒక రోజు, ఆ శనివారం నరసాపురంలో డెమో అయ్యాక వాళ్లమ్మతో మాట్లాడతానని ఫిన్నీ క్రిస్టినాతో అన్నాడు. ఆమె వద్దనలేదు. నరసాపురం అమ్మాయిలు వద్దనకపోవడమంటే చిన్న విషయం కాదు.

గురువారం నూట పన్నెండు పరీక్షలూ పచ్చగా వెలిగాయి. ఓనరు మురళీకృష్ణ గారు కింది కొట్టు నుంచి కాజాలు తెప్పించి, ఉద్యోగులకు రెండేసి, తనకు నాలుగు పెట్టుకున్నారు.

క్రిస్టినాకి ఒక పాడు అలవాటుంది. అంతా బాగున్నప్పుడు ఒకటి చెడగొట్టి చూస్తుంది. ఏడున్నర అంగుళాల ముక్కని కావాలని అతుకు పనికి పంపాలని రాసి రన్ చేసింది. పచ్చ. అదే ముక్కని అరవై అంగుళాలని రాసింది. అదీ పచ్చే.

ఫిన్నీ రాసిన ఫైలు తెరిచింది. ‘అప్పుడు’ అన్న ప్రతి వాక్యం వెనకా ఒకే మాట ఉంది: పాస్. అంటే ఏమీ చెయ్యొద్దు, ముందుకు వెళ్లిపో అని. సరిచూసేది ఒక్కటీ లేదు.

“ఇదేంటండీ?”

ఫిన్నీ కాజా పక్కన పెట్టాడు. “టైం లేదండి. గురువారానికల్లా పచ్చగా కనిపించాలన్నారు. తర్వాత నింపుదామనుకున్నాను.”

“మా అమ్మతో మాట్లాడతానన్నారు, అది కూడా పైకి కనిపించడానికేనా? తర్వాత నింపుతారా?”

“అది వేరండి...”

“నలభై మంది మూడు నెలలు అల్లుతారండి ఒక పెద్ద టేబుల్‌క్లాత్. పొట్టి ముక్క ఒకటి కలిస్తే బల్ల మీద చదునుగా పరుచుకోదు. మొత్తం విప్పాలి. విప్పేది మీరు కాదు.” ఆమె గొంతు పెరగలేదు, అందుకే భయమేసింది అతనికి. “శనివారం అందరి ముందూ మీరు చెప్పండి. చెప్పకపోతే నేను చెప్తాను. కానీ ఆ తర్వాత మా అమ్మతో మీరు మాట్లాడాల్సిన పనేం ఉండదు.”

శుక్రవారమంతా ఫిన్నీ కుర్చీలోంచి లేవలేదు.

శనివారం లేసు కేంద్రంలో చాపల మీద ముప్పై మంది ఆడవాళ్లు. ముందు వరసలో మెడలో టేపుతో సంపూర్ణమ్మ. మురళీకృష్ణ గారు గోడ మీద పచ్చ వరసలు చూపించి, తమ కంపెనీ నాణ్యత గురించి పావుగంట మాట్లాడారు.

“ఆ పచ్చరంగు ఏంటి బాబూ?” అడిగింది సంపూర్ణమ్మ.

“అన్నీ సరిగ్గా ఉన్నట్టండి!”

“కాదండి,” అన్నాడు ఫిన్నీ. లేచి నిలబడ్డాడు. “అందులో సరిచూసేది ఏదీ లేదండి. పచ్చగా కనిపించేలా నేనే ఖాళీగా వదిలేశాను.”

మురళీకృష్ణ గారి మొహం చూసినవాళ్లకు ఆయన నాలుగు కాజాలూ అప్పుడే అడ్డం తిరిగాయేమో అనిపించింది.

“అయితే మా ముక్కలు కొలవదా?” అంది అల్లేవాళ్లలోంచి చిట్టెమ్మ.

“కొలుస్తుందో లేదో నేను చూడలేదండి. నిన్న ఇరవై నింపాను. ఇవిగో.” రన్ చేశాడు. పదకొండు ఎర్రగా వచ్చాయి.

సంపూర్ణమ్మ తెర దగ్గరకు వెళ్లి, వేలు పెట్టి ఎర్ర వరసలు చదివింది.

“ఇదిగో, పొట్టి ముక్క అతుకు పనికి పోతోందని చెప్తోంది. ఇందాక పచ్చగా ఉన్నప్పుడు నాకేం తెలిసింది? ఇది నయం.” తిరిగి ఫిన్నీని చూసింది. “నువ్వెప్పుడైనా ముక్క కొలిచావా బాబూ?”

“లేదండి.”

“మరి ఎలా రాశావయ్యా?”

కేంద్రం వాళ్లు నెల గడువిచ్చారు. మురళీకృష్ణ గారు ఫిన్నీ ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు వాయిదా వేశారు. నిజం చెప్పినందుకు ఆఫీసుల్లో ఇచ్చే బహుమతి అదే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అందరూ వెళ్లాక సంపూర్ణమ్మ ఒక మూట విప్పి ఫిన్నీ ముందు కుమ్మరించింది. అతను కొలుస్తున్నాడు, ఆవిడ మళ్లీ కొలుస్తోంది. ప్రతి మూడోదీ తప్పే.

“ఇంకో విషయం కూడా చెప్పాలండి మీకు.”

“లాగి పట్టుకోకు, సాగుతుంది. చెప్పు.”

“క్రిస్టినా గారిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండి.”

“దాన్ని అడిగావా?”

“సూటిగా అడగలేదండి.”

“మీది ఏ చర్చి?”

“లూథరన్ అండి.”

“మాది బాప్టిస్టు,” అంది ఆవిడ, ఇంకో పొట్టి ముక్క దొరికినట్టు.

క్రిస్టినా ముక్కాలిపీట లాక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. రెండో టేపు తీసుకుని ఒక ముక్క చదును చేసింది.

“ఎనిమిది. రాసుకోండి.”

“అంటే... సరేనన్నట్టా అండి?”

“రాసుకోమన్నానండి. మిగతాది మా అమ్మ ఎదురుగా అడుగుతారేంటి?” అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“నాకు చెవుడేం లేదే,” అంది సంపూర్ణమ్మ. ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మూలనున్న ఇంకో మూటని కాలితో ఫిన్నీ వైపు జరిపింది.

“వచ్చే ఆదివారం మీ అమ్మగారిని మా చర్చికి తీసుకురా, ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం. ఈలోగా ఇది కూడా కానివ్వు.”