గాజు గొట్టంలో నేతగాడు

"తలకు నూనె పెట్టుకున్నోళ్ళను లోపలికి పంపను. పోయి కడుక్కొని రా అప్పా!"

ఆదోనిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, మనిషి పడుకునేంత గాజు గొట్టానికి టెక్నీషియన్ ఉషే కాపలా. లోపల ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పడతారు. చిన్న నిప్పురవ్వ చాలు, నూనె తల దివిటీ అవుతుంది.

"నూనె లేకుంటే నా జుట్టు ముండ్లకంపలా ఉంటాది మేడం."

"లోపల నిన్ను చూసేది నేనొక్కదాన్నే."

"అందుకే గదా నా బాధ!"

నాగేష్ ఎమ్మిగనూరు నేతగాడు. ముసురు పట్టి, గంజి పెట్టిన పడుగు ఆరలేదని తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి రాజేశాడు. వాసనైనా లేని విషవాయువు అతన్ని పడేసింది. పడుగు మాత్రం చక్కగా ఆరింది.

మూడు సిట్టింగులకే తేరుకుని ఇంటికి బయలుదేరాడు.

"మూడు నాలుగు వారాల తర్వాత కూడా ఈ గ్యాస్ మెదడు మీద దెబ్బ కొట్టొచ్చు. మతిమరుపు, పరధ్యానం వస్తాయి. రోజూ ఫోన్ చేస్తా," అంది ఉష.

ఫోన్ చేయడం ఆమె డ్యూటీ. ఆదివారం కూడా చేయడం మాత్రం కాదు.

"ఈరోజు ఏం వారం?"

"నువ్వు ఫోన్ చేసినావు గదా, పండగ!"

ఇరవై రోజులు ఇదే వరస. ఇరవై ఒకటో రోజు చాలాసేపు ఆలోచించి, "తెలీదు. నువ్వెవరు?" అన్నాడు.

"ఓహో, కొత్త నాటకమా!" ఉష నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు అతని ఫోన్‌లో తల్లి తాయమ్మ పలికింది.

"అమ్మాయ్, మావాడు మగ్గం ముందర నాడె చేతిలో పట్టుకొని గోడ చూస్తాండాడు. చొక్కా తిరగేసి తొడుక్కుంటాండాడు. ప్రేమ రోగమని వీధంతా తేల్చేసినారు. ఆ పిల్లవి నువ్వే గదా? మీ నాయన్ను ఎప్పుడు కలవల్ల?"

నిన్న తాను సరసమనుకుని నవ్వింది రోగం మాటలకని ఉషకు అర్థమైంది.

"పెండ్లి మాటలు తర్వాత అమ్మా! ముందు వాన్ని జీపెక్కించండి!"

స్కాన్ చూసి డాక్టరు నిట్టూర్చాడు. "మళ్ళీ సిట్టింగులు ఇద్దాం. ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

మొదటి వారం నాగేష్ ఆమెను 'పిన్నీ' అని పిలిచాడు. ఉష గొణుక్కుంటూ, కళ్ళు తుడుచుకుంటూ మీటలు తిప్పింది. రెండో వారంలో ఆమె పేరు తిరిగొచ్చింది. మూడో వారంలో అడుగు తడబడటం తగ్గింది.

ఆ బేస్తవారం వాన దంచుతుండగా, గొట్టంలోంచి స్పీకర్లో గొంతు మోగింది.

"ఉషా, నన్ను పెండ్లి చేసుకుంటావా?"

వరండాలో తమ వంతు కోసం కాళ్ళకు కట్లతో కూర్చున్న షుగర్ పేషెంట్లంతా తలలెత్తారు. తాయమ్మ చెంగుతో నోరు మూసుకుంది.

"మెల్లగా! అందరూ వింటాండారు!"

"విననీ. ప్రెజర్ దిగేదాకా నువ్వు తలుపు తీయవు. నేను యాడికీ పారిపోలేను. చెప్పు."

"తొందరగా చెప్పు తల్లీ, తర్వాత వంతు నాది!" అని కేకేశాడు పేషెంట్లలో పెద్దవాడు మాదన్న.

"చెప్పు అమ్మాయ్. వాడు చొక్కా ఎట్ల తొడుక్కున్నా నాకు కోడలివి నువ్వే," అంది తాయమ్మ.

ఉష మైకు మీదికి వంగింది. వేళాకోళం నోటికి రాలేదు.

"రేపటికి ఈ మాట మర్చిపోతే?"

గాజు వెనక నాగేష్ ఆమె వైపు తల తిప్పాడు.

"మళ్ళీ అడుగుతా. ఎల్లుండి మర్చిపోతే ఎల్లుండీ అడుగుతా."

ప్రెజర్ ముల్లు నింపాదిగా దిగుతోంది. తలుపు తీయడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు. అంతసేపు ఆగడం ఉష వల్ల కాలేదు.

"సరే," అంది మైకులో. "రేపు కూడా అడుగు."