వైరస్ లేని పెన్‌డ్రైవ్

"అబ్బా, మళ్లీ వచ్చింది!"

శ్రీసత్య విసుగ్గా మౌస్‌ని బల్లకేసి కొట్టింది. ఆటలో తన కారు మలుపు తిరుగుతుండగా తెర మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమైంది. 'ఈ సిస్టమ్ ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లాలంటోంది. వెళ్లనివ్వాలా? ఆపాలా?' అని అందులో ఉంది. కింద నోరు తిరగని ఇంగ్లిష్ పేరొకటి. కారు కాస్తా వెళ్లి గోడకు గుద్దుకుంది.

పోయిన వారమే అమ్మ హిమబిందు కంప్యూటర్‌లో కొత్త ఫైర్‌వాల్ పెట్టింది. అది కాపలాదారు లాంటిది. వచ్చేవాటినీ వెళ్లేవాటినీ గుమ్మం దగ్గర నిలబెట్టి అడుగుతుంది. "అది ఏటడిగినా నువ్వు నొక్కీకు. నాకు చెప్పు" అని అమ్మ ముందే చెప్పింది. కానీ అమ్మ ఆఫీసులో ఉంది. శ్రీసత్య మనసంతా ఆట మీద ఉంది.

'ఆపు' అని నొక్కేసింది. 'ఇంకెప్పుడూ అడగొద్దు' అన్నచోట టిక్కు కూడా పెట్టింది. పెట్టె మళ్లీ రాలేదు. పీడా పోయిందనుకుంది.

కాసేపటికి ఆశ వచ్చింది. ఇద్దరిదీ ఒకటే క్లాసు. 'మా సముద్రం' అనే పోటీకి ఇద్దరూ కలిసి ప్రాజెక్టు చేశారు. ఆశ వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. అందుకే పెన్‌డ్రైవ్ పట్టుకుని సీతమ్మధారలో శ్రీసత్య వాళ్లింటికి వచ్చింది. ఆరోజు సాయంత్రమే పోటీకి ఆఖరు.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఆశ అమ్మమ్మ పైడితల్లి గొంతు ఉంది. ఆవిడది భీమిలి. చేపలమ్ముతుంది. ఏ గాలికి ఏ చేప పడుతుందో, వల లాగేటప్పుడు ఏ పాట పాడతారో సెలవుల్లో చెబుతుంటే మామయ్య ఫోన్‌లో ఆశ రికార్డు చేసింది. అదే వాళ్ల ప్రాజెక్టు.

పెన్‌డ్రైవ్ పెట్టారు. పోటీ సైట్ తెరవబోయారు. తెరుచుకోలేదు. ఇంకో సైట్ కొట్టారు. అదీ అంతే.

"ఏటయిందే?" ఆశ కంగారుపడింది. "ఇందాకటి దాకా బాగానే ఉందా?"

శ్రీసత్యకు ఆ పెట్టె గుర్తొచ్చింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బాగానే ఉంది. నీ పెన్‌డ్రైవ్ పెట్టాకే ఇలాగయింది. అందులో వైరస్ ఉందేమో!"

ఆశ మొహం చిన్నబోయింది. చటుక్కున పెన్‌డ్రైవ్ లాగేసి గుప్పిట్లో దాచుకుంది. "సారీ సత్యా. నాకు తెలీదు" అంది. మెల్లగా ఇంటికి వెళ్లిపోయింది. పోటీ గడువు దాటిపోయింది.

మర్నాడు శనివారం. అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మోడెమ్ ఆపి మళ్లీ వేసింది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసింది. లైన్ బాగానే ఉందన్నాడు. చివరికి ఫైర్‌వాల్ తెరిచి ఒక్కో పేరూ చూసుకుంటూ వెళ్లింది. ఒక పేరు పక్కన ఎర్ర గుర్తు కనిపించింది.

"సత్యా, దీన్ని ఎవరాపారు?"

"నానే" అంది శ్రీసత్య.

"ఇది బయటిది కాదమ్మా. కంప్యూటర్ సొంత ప్రోగ్రామే. మనం ఏ సైట్ పేరు కొట్టినా దాని అడ్రసు కనుక్కొచ్చేది ఇదే. ఇంట్లో మనిషినే గుమ్మంలో ఆపేస్తే పనెలా అవుద్ది?"

అమ్మ ఎర్ర గుర్తు తీసేసింది. వెంటనే ఇంటర్నెట్ వచ్చింది.

శ్రీసత్య ఏడుస్తూ పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పేసింది. అమ్మ తిట్టలేదు. ఫోన్ చేతికిచ్చింది. "ముందు ఆశకి చెప్పు."

శ్రీసత్య ఫోన్ వైపు చూసింది. దాన్ని బల్ల మీద పెట్టేసింది. "సోమవారం స్కూల్లో చెప్తాలే అమ్మా" అంది.

సోమవారం గేటు దగ్గరే ఆశ ఎదురొచ్చింది.

"సత్యా, నిన్న నెట్ సెంటర్‌కి ఎళ్లాను. పెన్‌డ్రైవ్ మొత్తం తుడిపించేశాను. ఇంక మీ కంప్యూటర్‌కి ఏటీ కాదు."

శ్రీసత్య ఆమె చెయ్యి పట్టుకుంది. "మరి... అమ్మమ్మ మాటలు? మామయ్య ఫోన్‌లో ఉన్నాయి కదా?"

"మామయ్య ఎప్పుడో తీసేశాడు. అయినా వైరస్ ఉంటే ఏటి సేత్తాం?"

శనివారం ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ గొంతు మిగిలేది.

కంప్యూటర్ పీరియడ్‌లో ధనశ్రీ టీచర్ అడిగారు. "మీ ఇద్దరి ప్రాజెక్టు వెళ్లలేదేం?"

ఆశ లేచింది. "నా పెన్‌డ్రైవ్‌లో వైరస్..."

"లేదు టీచర్!" శ్రీసత్య కూడా లేచింది. "వైరస్ లేదు. నానే చూడకుండా ఏదో నొక్కి నెట్ ఆపేశాను. తప్పు ఆశ మీదకి తోసేశాను."

ఆశ ఆమె వైపు చూడలేదు. ఆరోజు మధ్యాహ్నం వేరే బెంచీ మీద కూర్చుని అన్నం తింది.

ఆదివారం శ్రీసత్య అమ్మతో కలిసి బస్సెక్కి భీమిలి వెళ్లింది. వస్తున్నానని ఆశకు తనే ఫోన్ చేసి చెప్పింది. ఒడ్డున పైడితల్లి చేపలు ఆరబెడుతోంది. పక్కనే ఆశ ఉంది. పలకరించలేదు. పొమ్మనీ అనలేదు.

అమ్మ ఫోన్ తీసుకుని శ్రీసత్య కాస్త దూరంగా నిలబడి రికార్డు నొక్కింది. పైడితల్లి పాట ఎత్తుకుంది. రెండు వరుసలు పాడి ఆగిపోయింది.

"ఆ తరవాతది గుర్తుకు రాట్లేదే. ఆయేల ఆశకి సెప్పినప్పుడు ఎలా వచ్చిందో, ఏటో! ఇంతకీ అదెలా పోయింది?"

ఆశ ఇసుక వైపు చూస్తూ ఉండిపోయింది. శ్రీసత్య గబగబా అందుకుంది.

"నా వల్లే పోయింది అమ్మమ్మా. నాను అబద్ధం చెప్పాను. అది నమ్మి ఆశ తుడిపించేసింది."

పైడితల్లి చీర చెంగుతో చేతులు తుడుచుకుని, పక్కనున్న బుట్ట వెనక్కి జరిపింది.

"ఇలా దగ్గిరికొచ్చి కూకో. గాలి జోరుగా ఉంది. అంత దూరం నుంచి నా మాట ఆ ఫోన్లో పడదు."