పస్తులున్న మడుగు

కాకినాడ శివారు మాధవీనగర్‌లో 2091 నాటికి అంట్లు తోమిన నీళ్లు సైతం మహారాజ మర్యాదలతో మడుగు చేరుతున్నాయి. కంకర పరచి, జమ్ముగడ్డీ మెట్టతామరా నాటిన పల్లపు నేల అది. కంకర కింద నీరు మెల్లగా పాకుతుంటే, వేళ్లను పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మురికిని ఆరగించి తేటనీటిని అవతలికి సాగనంపేవి.

ఈ పాత విద్యకు డాక్టర్ నీరజాక్షి చేర్చిన కొత్త వైభవం 'వేరునాలుక'. రూట్ సెన్సర్ అన్నా సరిపోయేదే గాని, అంత సాదా పేరుకు సన్మానాలు జరగవు. ఏ ఇంటి పైపులో ఎంత మురికి వస్తున్నదో అది రుచి చూసి, గేటు దగ్గరి బోర్డు మీద ఆ ఇంటి పేరు పక్కన ఎర్రదీపమో పచ్చదీపమో వెలిగిస్తుంది; అడిగినవారికి నోరు విప్పి బదులూ చెబుతుంది. యాసిడ్లు పారబోసేవారు సిగ్గుపడతారని ఆమె ఆశించింది. అందరూ పడ్డారు.

ఆర్నెల్లకు బోర్డంతా పచ్చబడింది. జమ్ము ఎండిపోయింది.

"ఏమిటి జబ్బు?" అని గట్టు మీద కూర్చుని అడిగింది నీరజాక్షి.

"జబ్బు కాదండి, ఆకలి," అంది వేరునాలుక. "అన్ని పైపుల్లోనూ మంచినీళ్లే వస్తున్నాయి. ఇంకో వారం ఇలాగే పస్తుంటే మడుగు దక్కదండి."

గాలి ఇటు తిరిగి, వెనకనున్న పంటకాలువ కంపు కొట్టింది. తాగునీటి చెరువు నిండేది ఆ కాలువతోనే. ఇళ్లలోని మురికినీళ్ల బకెట్లు ఎటు పోతున్నాయో ఆమెకు అర్థమైంది.

"ఈ మంచినీళ్లు మొదలుపెట్టింది ఎవరు?"

"మీ ఇల్లేనండి."

నీరజాక్షి ఇంటికి వెళ్లి భర్తతో అంది. "ఇవాళ్టి నుంచి అంట్లనీళ్లు పైపులోకే వదులుదామండీ."

"మొదట మనమేనా?" అన్నాడు సుదర్శనం. "మడుగు కట్టినావిడ కొంపకే ఎర్రదీపమంటే పక్కింటి గంగాభవానిగారు వీధి వీధీ చెప్పుకు తిరుగుతారు. ముందు ఆవిణ్ణి వదలమను."

"పోనీ, బోర్డు ఆపించేస్తాను."

"మన దీపం ఎర్రబడుతోందని ఆపించావంటారు."

మర్నాడు తెల్లవారుతుండగా, రెండు విశ్వవిద్యాలయాల పట్టాలు గల ఆ విదుషీమణి సాంబారు గిన్నెలు కడిగిన బకెట్టు పట్టుకుని పక్కింటి పైపు మూత వైపు బయలుదేరింది. గోడ మలుపులో గంగాభవానిగారు ఎదురయ్యారు. ఆవిడ చేతిలోనూ బకెట్టుంది.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే?"

"మీ ఇంటివైపే వస్తున్నానండీ, అక్కయ్యగారూ. మీరో?"

"నేనూ మీ ఇంటికే. నిన్న గట్టు మీదికెళితే ఆ మడుగు ఆకలో అందమ్మా, పాపం. మాయి చేపల పులుసు గిన్నెలు."

"మావి సాంబారువండీ."

"ఏదో ఒకటి, పడితే చాలు," అని గంగాభవానిగారు దారిచ్చారు. ఎవరి పని వారు చూసుకుని, మూతలు వేసి, ఇళ్లకు వెళ్లిపోయారు.

ఈ మర్యాద వారం తిరక్కుండా కాలనీ అంతటా పాకింది. జమ్ము చిగురించింది, కాలువ తేరుకుంది. బోర్డు మీద ఒక్క పచ్చదీపమూ మిగలలేదు. అయినా ఎవరూ తల దించుకోలేదు. తన పేరు పక్కన వెలుగుతున్న మురికి పొరుగువారిదేనని ప్రతి ఇంటివారికీ రూఢిగా తెలుసు.