అమ్మణ్ణి సిఫారసు

శుక్రవారం పొద్దున్నే గల్ఫ్‌లో, ఖురంలోని ఆ పెద్దింటి వెనక గదిలో ఏసీ రొద చేస్తుంటే అమ్మణ్ణి బొరుగుల ఉగ్గాని కలుపుతోంది. పదహారేళ్లుగా ఆ ఇంట్లో వండి, ఆ జీతంతో చదివించిన కూతురు ఆశ ఇప్పుడు కదిరి కోర్టులో జూనియర్ సివిల్ జడ్జి. వేసవి సెలవులకు తల్లిని చూడవచ్చింది. కిరాణా కొట్టు కమ్రాన్ మొదలు ఎదురింటి తోటమాలి దాకా ఈ సంగతి తెలియనివాడు లేడు. అమ్మణ్ణి నోరు ఊరుకుంటేగా!

“తిను జడ్జమ్మా. జయరాముడన్న వస్తాండాడు, నీతో మాట్లాడల్లంట.”

జయరాముడు ఆ ఇంటి డ్రైవరు. అమ్మణ్ణి భర్త పోయినప్పుడు యజమానిని బతిమాలి, ఒక్క పూటలో సెలవు ఇప్పించి విమానం ఎక్కించిన మనిషి.

“మామకు నాతో ఏం పనిమ్మా?”

“వాళ్ల చేని గట్టు కేసు నీ కోర్టులోనే ఉండాదంట. నా బిడ్డ చూసుకుంటాదిలేన్నా అని చెప్పినా.”

ఆశ పళ్లెం కింద పెట్టేసింది.

“ఎంత పని చేసినావమ్మా! ఇంక ఆ కేసు నేను చూడకూడదు. పోయినంక పైజడ్జికి రాసి, ఇంకో కోర్టుకు పంపించల్ల.”

“ఏం, తప్పు చేయమన్నానా? న్యాయం ఆయన పక్కనే ఉండాది.”

“ఉండొచ్చు. అది సాక్ష్యం చెప్పల్ల, నువ్వు కాదు.”

అమ్మణ్ణికి ఒళ్లు మండిపోయింది. “ఆ పొద్దు ఆయన లేకుంటే మీ నాయన కడచూపు నాకు దక్కేదా? కుర్చీ ఎక్కితే చేసిన మేలు మర్చిపోవల్లనా?”

“మర్చిపోలేదు. ఆయనింట్లో పెండ్లికి గిన్నెలు తోమమను, తోముతా. కోర్టులో మాత్రం ఆయనెవరో నాకు తెల్దు.” ఆశ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో హల్వా డబ్బాతో జయరాముడు రానే వచ్చాడు. అమ్మణ్ణి తల దించుకుని జరిగిందంతా చెప్పింది. ఆయన ఆశ వైపు తిరిగాడు.

“పాపా, అవతలోళ్ల తరపున ఎవరైనా వస్తేనో?”

“వాకిలి కూడా తీయను మామా.”

జయరాముడు గట్టిగా నిట్టూర్చాడు. “నాలుగేండ్లుగా ఇట్లాంటి జడ్జి రావల్లని దేవునికి మొక్కుతాండా. వచ్చింది. మా చెల్లెలి నోటి పుణ్యాన నాకు దక్కకుండా పాయె!”

అమ్మణ్ణి భోరుమంది. మేలు చేయబోయి అన్నకు చేసిన కీడు అప్పుడు తెలిసింది. ఇలాంటి బిడ్డను కన్నందుకు ఆ ఏడుపులోనే గుండె పొంగింది.

“ఏడ్వద్దుమ్మా. ఆ ఇంకో కోర్టులోనూ ఎవరో ఒకమ్మ బిడ్డే ఉంటారు. ఆ అమ్మ నోరు మూసుకొనుంటే చాలు,” అన్నాడు జయరాముడు, హల్వా డబ్బా ఆశ చేతిలో పెట్టబోయి, ఆగి, మూత తీసి తనే తినడం మొదలుపెట్టాడు. ముగ్గురికీ నవ్వాగలేదు.

ఆ సాయంత్రం కొట్లో కమ్రాన్ “జడ్జి సాహెబా కైసీ హై?” అని పలకరించాడు. బాగుందని చెప్పింది అమ్మణ్ణి. ఇంకా ఏదో అడగబోతే, కోర్టు సంగతులు తను మాట్లాడనని వచ్చీరాని హిందీలో చెప్పి, సంచీ అందుకుని తలెత్తుకుని నడిచింది.